చూసీ చూడనట్లు



ఇంగ్లీషు మీడియంలో చదివే మీ అమ్మాయో అబ్బాయో పాఠ్యపుస్తకం పట్టుకుని వచ్చి, "బెకన్ అంటే ఏమిటి?" అని అడిగారనుకోండి. "పిలవడం" అని చెప్పి పంపేస్తారు. పిల్లలు అంతటితో ఊరుకుంటారా? "కాల్ అన్నా పిలవడమే కదా, మరి ఈ మాట దేనికి?" అంటూ మళ్ళీ వస్తారు. ఆ రెండో ప్రశ్న మంచి ప్రశ్న. ఈ వారం దాని గురించే కాసేపు ఆలోచిద్దాం. (ముందుగా ఒక మాట. దీన్ని బేకన్ అని పలకకండి. అది పంది మాంసం.)

బెకన్ అంటే నోరు విప్పకుండా పిలవడం. చేతితోనో, వ్రేలితోనో, తల ఊపో, "ఇటు రా" అని, "నా వెంట రా" అని తెలియజేయడం. కాల్ అన్నప్పుడు గొంతు ఉంటుంది, పేరు ఉంటుంది. బెకన్ అన్నప్పుడు ఆ రెండూ ఉండవు. ప్రాచీన ఇంగ్లీషులో 'గుర్తు' అనే అర్థమున్న ఒక మాట నుండి ఇది పుట్టింది. అదే మాట నుండి వచ్చిన దీని తోబుట్టువు బీకన్. కొండ మీద వెలిగించే మంటను, ఓడలకు దారి చూపే దీపాన్ని బీకన్ అంటారు. 1588లో స్పెయిను నౌకాదళం ఇంగ్లండు మీదికి వచ్చినప్పుడు కొండల మీద ఇలాంటి మంటలు వెలిగించి ఒక చోటి నుండి ఇంకో చోటికి కబురు అందించారు. మంట అయినా, చెయ్యి అయినా పని ఒక్కటే. చూసేవాడు ఉంటేనే దానికి అర్థం. ముసుగుతన్ని పడుకున్నవాడికి కొండ మీది మంట ఏం చెబుతుంది? ఈ సంగతి కొంచెం గుర్తు పెట్టుకోండి, ముందు ముందు అవసరపడుతుంది.

మన తెలుగులో సైగ ఉంది, సన్న ఉంది. సన్న అనేది సంజ్ఞ అనే సంస్కృత పదానికి వికృతి. కంటితో చేస్తే కనుసన్న, చేతితో చేస్తే చేసన్న. ఇక్కడొక విచిత్రం చూడండి. ఇంగ్లీషువారు బెకన్‌ను కుదించి బెక్ అన్నారు. ఒకరి 'బెక్ అండ్ కాల్'లో ఉండడమంటే, వారు చెయ్యి ఊపినా, కేక వేసినా పరుగెత్తుకుని వచ్చేలా పడివుండడం. మనం "ఆయన కనుసన్నలలో మెలుగుతున్నాడు" అంటాం. ఈ రెండు భాషలూ ఒకదాన్ని చూసి ఒకటి రాసుకోలేదు కదా! రెండు చోట్లా మనుషులు ఒకే సంగతి గమనించారు. స్నేహితుడు చెయ్యి ఊపితే ఆహ్వానం. యజమాని అదే చెయ్యి అలాగే ఊపితే ఆజ్ఞ. చేతిలో తేడా లేదు. "ఇప్పుడు రాలేను" అనే వీలు ఎదుటివాడికి ఉందా, లేదా? తేడా అంతా అక్కడే.

మాటలో మనకు రా, రండి, దయచేయండి అని మెట్లున్నాయి. చేతికి "అండి" లేదు. అందుకే పెద్దవారిని చేత్తో పిలవం; లేచి దగ్గరకు వెళ్ళి చెబుతాం. తప్పనిసరైతే అరచేయి కిందికి ఉంచి, నాలుగు వ్రేళ్ళూ కలిపి, మెల్లగా ఆడించి, తల కాస్త వంచుతాం. ఆ వంపే అక్కడ "అండి". పాశ్చాత్య దేశాల్లో అరచేయి పైకి పెట్టి చూపుడు వ్రేలు మడిచి పిలవడం మామూలే. ఫిలిప్పీన్సులో అలా పిలిస్తే కుక్కను పిలిచినట్లుందని నొచ్చుకుంటారు. ఒంటి వ్రేలి పిలుపు మనకూ రుచించదు. కానీ నిజం చెప్పుకుందాం. మనం ఎవరిని ఒంటి వ్రేలితో పిలుస్తున్నాం? హోటల్లో బల్లలు తుడిచే కుర్రవాణ్ణి, ఆటో అతణ్ణి, ఇంట్లో అంట్లు తోమే మనిషిని. ఒక్కోసారి వ్రేలు కూడా కాదు, చిటిక. ఆఫీసరుగారిని చిటిక వేసి పిలిచినవారిని ఎవరైనా చూశారా? మన చేతికి వ్యాకరణం బాగానే వచ్చు.

అయితే ఈ మాటను దొరల పిలుపుగా మాత్రమే చూస్తే సగమే చూసినట్లు. 1611లో అచ్చయిన ఇంగ్లీషు బైబులులో ఇది చాలా చోట్ల కనబడుతుంది. లూకా సువార్త 5వ అధ్యాయం తీసుకోండి. పేతురు, అతని తోటివారు రాత్రంతా కష్టపడినా ఏమీ దొరకలేదు. ప్రభువు మాట మీద మళ్ళీ వల వేస్తే వలలు పిగిలిపోయేటన్ని చేపలు పడ్డాయి. అప్పుడు వారు రెండో పడవలోని భాగస్థులను బెకన్ చేశారు. కేకలు వేశారని అక్కడ లేదు. ఎందుకు వేయలేదో సువార్తికుడు చెప్పలేదు. గాలి హోరులో నీటి మీద గొంతు కన్నా చెయ్యే దూరం పోతుందని వేటకు వెళ్ళేవారికి వేరే చెప్పనక్కరలేదు. ఇక్కడ పిలిచినవాడు దొర కాడు, పిలుపు అందుకున్నవాడు బంటు కాడు. తమ వల్ల కాక పిలిచారు. వాళ్ళు వచ్చారు. వచ్చినందుకు వాళ్ళ పడవ కూడా మునిగేంత పని అయింది!

ఆ రోజుల్లో ఈ మాటకు అర్థం ఇప్పటికన్నా విశాలం. "ఊరుకోండి" అని చెయ్యి ఎత్తడం కూడా బెకన్ చేయడమే. ఇప్పుడు "రమ్మను" అనే అర్థమే మిగిలింది. అపోస్తలుల కార్యములు 21వ అధ్యాయంలో పౌలు రెండు గొలుసులతో బంధింపబడి, కోట మెట్ల మీద నిలబడి, అప్పటిదాకా తనను కొట్టిన జనానికే చెయ్యి చూపుతాడు. జనం నిశ్శబ్దమవుతారు. అదే గ్రంథం 24వ అధ్యాయంలో గవర్నరు ఫేలిక్సు, "ఇక మాట్లాడు" అని అదే పౌలుకు సైగ చేస్తాడు. రెండింటికీ ఇంగ్లీషులో ఒకే క్రియ. ఒక సైగ వెనుక రోము సైన్యం ఉంది. రెండో సైగ వెనుక ఏముంది? గొలుసులే కదా.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. రెండో పడవలోని వారు రాలేదనుకోండి. మర్నాడు ఒడ్డు మీద కనబడి పేతురు అడిగితే ఏమనేవారు? "చూడలేదు" అని ఉండేవారు. ఎవరు కాదనగలరు? పేరు పెట్టి కేక వేస్తే, విన్నవారు నలుగురు సాక్షులుంటారు. సైగకు సాక్షి లేడు. చూశావో లేదో నీకే తెలుసు. ఈ చిన్న సందులోనే మన భాషలో ఒక గొప్ప మాట పుట్టింది: చూసీ చూడనట్లు. పెళ్ళిలో ఆఖరి వరుసలో కూర్చున్న పేద చుట్టం చెయ్యి ఊపుతాడు. మనకు ఉన్నట్టుండి ఫోనులో ఏదో అవసరం గుర్తొస్తుంది. ఇది అబద్ధమా? మనం ఒక్క మాట కూడా అనలేదే!

ఈ ప్రశ్న కొత్తది కాదు. పునీత అగస్టీనుగారు క్రైస్తవ బోధ గురించి రాసిన గ్రంథంలో, చేతుల కదలికలనూ తల ఊపడాన్నీ కంటికి కనిపించే మాటల వంటివిగా లెక్కించారు. 13వ శతాబ్దంలో పునీత తోమాసు అక్వినాసుగారు ఇంకొక అడుగు ముందుకు వేశారు. అబద్ధం నాలుకతో చెప్పినా, చేష్టతో చెప్పినా దోషం దోషమేనన్నారు. అయితే ఆయన ఒక జాగ్రత్త కూడా చెప్పారు. నిజాన్ని బయటపెట్టకుండా ఊరుకోవడం అబద్ధం కాదు. లేనిదాన్ని ఉన్నట్లు చేష్టతో చూపడమే అబద్ధం. ఈ కొలబద్ద పెట్టి ఆ పెళ్ళి పందిరిలోకి మళ్ళీ వెళ్ళండి. చుట్టం దగ్గరకు వెళ్ళకపోవడం ఒక సంగతి. దానికి కారణాలుండవచ్చు. కానీ ఫోనులోకి తల దూర్చడం ఊరుకోవడం కాదు. "నేను నిన్ను చూడలేదు" అని మెడతో, కళ్ళతో పలికిన వాక్యం అది. నా మటుకు నాకు అది అబద్ధమనే తోస్తుంది. పైగా పిరికి అబద్ధం.

"అయితే చెయ్యి ఊపిన ప్రతివారి దగ్గరకూ పోవాలా?" అని మీరడగవచ్చు. అక్కరలేదు. సైగకు సైగే జవాబు ఉంది. తల అడ్డంగా ఊపవచ్చు, "తర్వాత వస్తాను" అని చెయ్యి చూపవచ్చు. రాత్రివేళ ఊరి బయట ఆగిన బండి పక్కన ఎవరో చెయ్యి ఎత్తితే, వెంట ఆడపిల్లలున్న తండ్రి ఆగకపోతే అతన్ని తప్పుపట్టలేం. దొంగల భయం కట్టుకథ కాదు. కొంత దూరం పోయి, వెలుగున్న చోట ఆపి 108కి ఫోన్ చేయవచ్చు. చూసినట్లు ఒప్పుకున్నవాడికి ఇలాంటి దారులు దొరుకుతాయి. చూడలేదని తనకు తానే నచ్చజెప్పుకున్నవాడికి ఫోన్ చేయాలన్న ఆలోచనే రాదు.

ఇంగ్లీషులో ఈ క్రియకు ఇంకో వాడుక ఉంది. మనుషులే కాదు, వస్తువులూ చోట్లూ కూడా బెకన్ చేస్తాయి. సముద్రం రమ్మంటుంది, నగరం రమ్మంటుంది, పదవీ విరమణ రమ్మంటుంది. మనకు ఇది వింతేమీ కాదు. "ఊరు పొమ్మంటోంది, కాడు రమ్మంటోంది" అని మన ముసలివాళ్ళు తమ మీద తామే వేసుకునే ఛలోక్తి ఇదే కదా. కానీ ఈ వాడుకలో ఒక మోసం దాగివుంది. "గల్ఫ్ రమ్మంటోంది" అని కడప నుండీ కరీంనగర్ నుండీ ఎంతమంది బయలుదేరలేదు! గల్ఫ్‌కు చెయ్యి లేదు. చెయ్యి ఏజెంటుది. వెళ్ళడమా, మానడమా తేల్చుకునే ముందు ఆ చెయ్యి ఎవరిదో చూసుకున్నవారు కొంతైనా నిలదొక్కుకున్నారు.

ఇక రోము నగరంలో, పునీత లూయీ పేరిట ఉన్న ఫ్రెంచివారి దేవాలయంలో కరవాజో అనే చిత్రకారుడు 1599-1600లో గీసిన బొమ్మ ఒకటుంది. సుంకరి మత్తయిని ప్రభువు పిలిచే ఘట్టం. ప్రభువు కుడి వైపు నుండి చెయ్యి చాచి ఉంటారు. ఆజ్ఞాపించే బిగువు ఆ చేతిలో లేదు, మణికట్టు దగ్గర మెత్తగా వంగి ఉంటుంది. బల్ల దగ్గర గడ్డపాయన వ్రేలు చూపుతూ ఉంటాడు. తనను చూపుకుని "నన్నేనా?" అంటున్నాడని కొందరు, పక్కనున్న కుర్రవాణ్ణి చూపుతున్నాడని కొందరు. పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. సైగలో పేరుండదు గనుక ఆ వాదం తెగేది కాదు. నా దృష్టి మాత్రం బల్ల చివర ఉన్న ఇద్దరి మీదికి పోతుంది. ఒకరు కుర్రవాడు, ఒకరు కళ్ళజోడు పెట్టుకున్న ముసలాయన. ఇద్దరూ నాణేల మీద నుండి తల ఎత్తలేదు. వాళ్ళు నటించడం లేదు. నిజంగానే చూడలేదు. తోమాసుగారి కొలబద్ద ప్రకారం వాళ్ళు అబద్ధమాడలేదు. కానీ వాళ్ళకు తప్పేమీ లేదని మనం చెప్పగలమా?

ఈ రెండో రకం మన ఇళ్ళలో ఎక్కువ. పక్షవాతం వచ్చి మాట పడిపోయిన అమ్మ ఒక గదిలో మంచం మీద ఉంటుంది. దాహం వేస్తే, ప్రక్క మార్చవలసి వస్తే, ఊరికే ఒక మనిషి దగ్గర ఉండాలనిపిస్తే ఎడమ చెయ్యి కాస్త పైకెత్తి వ్రేళ్ళు ఆడిస్తుంది. ఆమెకు మిగిలిన మాట అదొక్కటే. హాల్లో నలుగురుంటారు, నలుగురి కళ్ళూ నాలుగు ఫోన్లలో ఉంటాయి. ఎవరూ అబద్ధమాడరు. చెయ్యి అలసిపోయి దుప్పటి మీదికి దిగిపోతుంది. లూకా సువార్త మొదటి అధ్యాయంలో మాట పోయిన జెకర్యా దేవాలయం నుండి బయటకు వచ్చి చేతులతో సైగలు చేస్తే, ఆయనకు దర్శనమైందని జనానికి వెంటనే అర్థమైంది. వాళ్ళు అంతసేపూ గుమ్మం వైపే చూస్తూ ఉన్నారు, ఎందుకు ఆలస్యమైందా అని.

కొన్ని ఇళ్ళలో మంచం దగ్గర చిన్న గంట పెడతారు. మంచి ఉపాయమే. కానీ గంట మోగగానే వచ్చేవారి ముఖం ఎలా ఉంటుందో ఆమె చూస్తుంది గనుక, కొన్నాళ్ళకు గంట మోగించడం తగ్గిస్తుంది. ఇంకొన్ని ఇళ్ళలో మంచాన్నే జరిపారు. వెనుక గదిలో గోడ వైపు ఉన్న తలగడను ఇటు తిప్పి, తలుపు తీసివుంచి, వంటింట్లో నుండి చూసినా హాల్లో నుండి చూసినా ఆ చెయ్యి కనబడేటట్లు వేశారు. దానికి ఇద్దరు మనుషులు, పది నిమిషాలు పట్టింది.