జీతం అంకె కింద ఏముందో చదివావా?

ఏరా నాన్నా, అమెరికా కంపెనీ ఆఫర్ లెటర్ ఇచ్చిందని ఊరంతా స్వీట్లు పంచావు, సంతోషం. జీతం అంకె దాటి కిందికి చదివావా? చదివుండవు. మీ తొందర నాకు తెలీదూ!

అక్కడ ‘ఎట్ విల్’ అని చిన్న మాట ఉంటుంది. ఇష్టమున్నన్నాళ్లే ఉద్యోగం అని దానర్థం. నువ్వు ఎప్పుడైనా మానెయ్యొచ్చు, వాళ్లూ ఎప్పుడైనా పొమ్మనొచ్చు. కారణం చెప్పక్కర్లేదు. అద్దెకున్నవాళ్లకైనా మనం నెల ముందు చెబుతాం కదా, అక్కడ ఆ మాటా అక్కర్లేదు. మోంటానా తప్ప మిగతా రాష్ట్రాలన్నిట్లో ఇదే పద్ధతి.

అలాగని అడ్డూఆపూ లేదనుకోకు. రంగు, మతం, పుట్టిన దేశం, ఆడా మగా చూసి తీసేస్తే 1964 నాటి చట్టం ఊరుకోదు. ఆ వివక్ష మీద ఫిర్యాదు చేశావని కక్షగట్టి తీసేసినా తప్పే. కాకపోతే ఫిర్యాదుకు గడువు 180 రోజులు, చాలాచోట్ల 300. కుమిలిపోతూ కూర్చుంటే గడువు దాటిపోతుంది.

మా అన్నయ్య కొడుకు ఓ పొద్దున కాఫీ కప్పు పక్కన పెట్టుకుని లాప్‌టాప్ తెరిస్తే పాస్‌వర్డ్ పట్టలేదు. ఉద్యోగం పోయిందని అలా తెలిసింది. పే స్లిప్పులు, వీసా కాగితాలు అన్నీ అందులోనే! అందుకే నీ సొంత కాగితాలు ఇంట్లో ఓ ఫైల్లో పెట్టుకో. కంపెనీవి మాత్రం ముట్టుకోకు.

హెచ్-1బి వీసా మీద పనిచేసేవాళ్లకు ఉద్యోగం పోయాక మహా అయితే 60 రోజులు. ఆ దేశంలో ఎన్నాళ్లు ఉండొచ్చో చెప్పే ఐ-94 గడువు ముందే తీరిపోతే అంతవరకే. ఈలోగా ఇంకో కంపెనీ నీ పేర పిటిషన్ వెయ్యాలి, లేదా నువ్వు వేరే వీసాకి మారేందుకు దరఖాస్తు పెట్టాలి, లేదా పెట్టె సర్దుకోవాలి. ఇంటి లీజు, కారు వాయిదా, పిల్లల బడి అన్నీ ఆ రోజుల్లోనే తేలాలి. అందుకే వచ్చిన మొదటి జీతానికే పెద్ద కారు కొనకు. ఆర్నెల్ల ఖర్చు పక్కన పడేశాక కొందువుగాని.

ఇంకో మాట. పంపేస్తూ కొంత డబ్బిచ్చి సంతకం పెట్టమంటారు. దావా వేసే హక్కు ఆ సంతకంతోనే పోవచ్చు. తొందరపడకు. లాయరుకు చూపించు, ఓ రాత్రి నిద్రపోయి ఆలోచించు.

పొమ్మన్నారని నీలో లోపం వెతుక్కోకు, ఇంట్లో దాచనూ దాచకు. ముందు మాత్రం ఆ లెటర్ తియ్యి. ఈ రాత్రే మీ ఆవిడ పక్కన కూర్చుని ఇద్దరూ చివరిదాకా చదవండి.