ఇంటిలో తుపాకి ఉంచుకొనవచ్చునా?



గడచిన కోతల కాలములో ఒక సాయంకాలము ప్రార్థన ముగిసిన తరువాత మా సంఘములోని ఒక విధవరాలు గుడి అరుగుమీద కూర్చుండి, అందరును వెళ్లిపోవువరకు కనిపెట్టుకొని యుండెను. ఆమె కుమారుడు అమెరికా దేశములోని టెక్సాస్ రాష్ట్రమందు భార్యాబిడ్డలతో కాపురముండి, ఒక దుకాణములో రాత్రిపూట పని చేయుచున్నాడు. "అయ్యగారూ, మా వాడు తుపాకి కొంటానంటున్నాడు. మీరొక మాట చెప్పండి" అని ఆమె తన ఫోను మా చేతికిచ్చెను.

"వందనాలు అయ్యగారూ" అని అతడు మొదలు పెట్టెను. "రెండు నెలల కింద అర్ధరాత్రి ఒకడు పిస్తోలు చూపించి గల్లాపెట్టె ఖాళీ చేయించాడు. అప్పటినుంచి ఇంట్లో పడుకున్నా నిద్ర పట్టడం లేదు. ఇక్కడ చాలామంది ఇళ్లలో తుపాకులున్నాయి. మొదటిసారి కొనేవాడికి తక్కువ ధరలో ఏ సెమీ ఆటోమేటిక్ రైఫిల్ మంచిదా అని చూస్తున్నాను. అమ్మ ఏడుస్తోంది. ఇది పాపమంటారా?"

వెంటనే జవాబు చెప్పుట మాకు చేతకాలేదు. ఒక వారము గడువు అడిగితిమి. మన పల్లెలనుండియు అనేకుల బిడ్డలు ఆ దేశములో నున్నారు గనుక, ఆ వారములో మేము విచారించి తెలిసికొన్నదానిని మీ యెదుట ఉంచుచున్నాము.

మొదట ఆ వస్తువేదో తెలిసికొనవలెను. సెమీ ఆటోమేటిక్ రైఫిల్ అనగా ట్రిగ్గరు నొక్కిన ప్రతిసారి ఒక్క గుండు మాత్రమే వెళ్లును. అయితే ఆ ప్రేలుడు బలముచేతనే ఖాళీ తొడుగు బయట పడి, మరియొక తూటా తనంతట తానే లోనికెక్కును. చేతితో లాగి నింపు పని లేదు. ఇందులో చిన్నవియు పెద్దవియు కలవు. పాయింట్ ఇరువదిరెండు అను సన్నని తూటాతో ప్రేలు చిన్న రైఫిళ్లు గురి నేర్చుకొనుటకును, కుందేళ్ల వంటి చిన్న జంతువుల వేటకును వాడుదురు. 1964లో వెలువడిన రూగర్ 10/22 అట్టిది. ఏఆర్-15 అనునది 1950ల చివర ఆర్మలైట్ కంపెనీవారు రూపించినది. దాని మాదిరివాటిని ఇప్పుడు అనేక కంపెనీలు చేయుచున్నవి. రెండు విధములవియు కొన్ని వందల డాలర్లకే దొరకును. అయితే వెల అంతటితో తీరదు. తూటాలు, తాళమువేయు ఇనుప పెట్టె, చెవులకు కన్నులకు కాపుదల, నేర్పువాని జీతము, అభ్యాసమునకు పట్టు దినములు, ఇవన్నియు కలిపి లెక్కింపవలెను. గోపురము కట్టగోరువాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనవలెనని ప్రభువు చెప్పిన ఉపమానము (లూకా 14) ఇక్కడకు కూడ వర్తించును.

చట్టము మాటకు వచ్చినచో, ఆయుధము ధరించు హక్కు ఆ దేశపు రాజ్యాంగములో 1791లోనే చేరినది. ఇంటి కాపుదలకు తుపాకి యుంచుకొనుట ప్రతి మనిషి హక్కని 2008లో వారి సుప్రీం కోర్టు తీర్పు చెప్పినది. లైసెన్సు గల వర్తకుని యొద్ద కొనువాడు కాగితము నింపి, పూర్వ నేరముల విచారణకు లోబడవలెను. చదువుకై గాని తాత్కాలిక ఉద్యోగమునకై గాని వీసామీద వెళ్లినవారు, వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు తప్ప, తుపాకి కలిగియుండుట నేరము. మీ పిల్లలకు ఈ మాట తప్పక తెలుపుడి. ఈ యువకునికి శాశ్వత నివాసపు హక్కు కలదు గనుక చట్టము అతనిని ఆపదు. మన దేశములో 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము లైసెన్సు లేక ఎవరును తుపాకి ఉంచుకొనరాదు. అక్కడ హక్కుగా ఎంచబడునది ఇక్కడ అనుమతి మీద దొరకునది. కాబట్టి చట్టము ఒప్పుకొన్నదా అను ప్రశ్నతో మన మనస్సాక్షి పని ముగియదు.

వాక్యము ఏమి చెప్పుచున్నది? ఇందులో ఒక ప్రక్కనే చూచి తీర్పు చెప్పువారున్నారు. మేము ఆలాగు చేయగోరము. ప్రభువు అప్పగింపబడిన రాత్రి, కత్తి లేనివాడు తన వస్త్రమునైనను అమ్మి కొనుక్కొనవలెనని శిష్యులతో చెప్పెను (లూకా 22). నెహెమ్యా కాలమున గోడ కట్టువారు ఒక చేత పని, ఒక చేత ఆయుధము పట్టిరి. కావున తన ఇంటివారిని కాపాడగోరు తండ్రిని హంతకుడని పిలుచుట న్యాయము కాదు. అయితే ఆ రాత్రియే పేతురు కత్తి దూసి ఒకని చెవి నరికినప్పుడు, ప్రభువు దానిని వరలో పెట్టుమని గద్దించి, ఆ చెవిని బాగుచేసెను. కత్తి సంగతి వచ్చిన అధ్యాయములోనే స్వస్థత కూడ కనబడుచున్నది. రెండింటిని కలిపి చదువవలెను.

నిర్గమకాండము 22వ అధ్యాయములో ఇంకొక సూక్ష్మమైన మాట కలదు. రాత్రివేళ కన్నము వేయుచు దొరికిన దొంగ దెబ్బతిని చచ్చినయెడల కొట్టినవానిమీద రక్తాపరాధము లేదు. ప్రొద్దు పొడిచిన తరువాతనైతే అపరాధము కలదు. ఎందుకు? చీకటిలో వచ్చినవాడు దేనికి వచ్చెనో తెలియదు. వెలుతురులో మొగము కనబడును, కేక వేయవచ్చును, ఇరుగుపొరుగును పిలువవచ్చును. అనగా, వేరు దారి యున్నప్పుడు దొంగ ప్రాణము కూడ దేవుని దృష్టికి విలువ గలదే. సొమ్ముకొరకు ప్రాణము తీయు అధికారము మనకు ఇయ్యబడలేదు.

2017 నవంబరు 5న ఆ టెక్సాస్ రాష్ట్రములోనే సదర్లాండ్ స్ప్రింగ్స్ అను చిన్న ఊరి బాప్టిస్టు గుడిలో ఆదివారపు ఆరాధన జరుగుచుండగా ఒకడు సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌తో కాల్చెను. గర్భమందలి శిశువుతో కూడ 26 మంది మరణించిరి. వాని నేరము వైమానిక దళమువారు జాబితాకు తెలియజేయనందున వాడు దుకాణములోనే ఆ తుపాకి కొనగలిగెను. అదే దినమున ఆ గుడి ప్రక్కనున్న ఒక గృహస్థుడు తన ఏఆర్-15 తీసికొని వట్టి కాళ్లతో పరుగెత్తి ఆ హంతకుని ఎదిరించెను. చంపినదియు, చంపువానిని నిలిపినదియు ఒకే జాతి ఆయుధము. తుపాకి యెల్లప్పుడును రక్షించుననువాడును, ఎన్నడును రక్షింపదనువాడును ఈ ఊరి కథ వినవలెను. అయితే ఆ గృహస్థుడు ఏండ్ల తరబడి అభ్యాసము చేసి ఇతరులకు నేర్పువాడని మరువరాదు. దావీదు సౌలు కవచము తొడిగికొని, ఇవి నాకు వాడుక లేవని విప్పివేసెను. వాడుక లేని ఆయుధము భయపడినవాని చేతిలో ఎవరికి కాపుదల?

ఇప్పుడు మమ్మును ఎక్కువగా కలవరపరచిన సంగతి చెప్పెదము. 2021లో అమెరికాలో తుపాకి గుండ్లవలన 48,830 మంది చనిపోయిరి. వారిలో 26,328 మంది దొంగల చేతను శత్రువుల చేతను చచ్చినవారు కారు, తమ ప్రాణము తామే తీసికొన్నవారు. సగముకంటె ఎక్కువ! దొంగ వచ్చునని తెచ్చిన తుపాకికి దొంగ ఎన్నడును ఎదురుపడకపోవచ్చును. ఇంటిలోని దుఃఖము మాత్రము ప్రతి రాత్రి దాని ప్రక్కనే పండుకొనును.

ఈ లెక్క మన పల్లెలవారికి వివరింపనక్కరలేదు. చేనికని తెచ్చిన పురుగుమందు డబ్బా దూలము మీద నుండును. ఒక దినమున అప్పులవాడు వచ్చి అవమానపరచును, లేక మగనికిని ఆలికిని మాట పెరుగును. అది ఒక గడియ కోపము, ఒక గడియ నిరాశ. ఆ గడియలో డబ్బా చేతికందకపోయినయెడల నేడు బ్రదికి యుండెడివారిని మేము సమాధిచేసి యున్నాము. శ్రీలంకలో 1995 మొదలుకొని మిక్కిలి విషపూరితమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధింపగా, ఆ తరువాతి సంవత్సరములలో ఆత్మహత్యలు ఎంతో తగ్గినవి. చేతికందనిది మనుష్యుని ప్రాణము నిలుపును. ఆ గడియ దాటినవాడు సాధారణముగా బ్రదుకును. దాటించుటయే ప్రేమ పని.

మన పొలములలో అడవిపందులకొరకు కరెంటు తీగ లాగువారున్నారు. పంట కాపాడుకొనుట తప్పు కాదు. కాని చీకటిలో ఆ తీగ పందియని, పొరుగువాడని, సొంత బిడ్డయని ఎరుగదు. తుపాకియు ఎరుగదు. అమెరికాలో అనేక ఇండ్ల గోడలు చెక్కతోను పలుచని పలకలతోను కట్టినవి. రైఫిల్ గుండు గోడ దాటి బిడ్డలు నిద్రించు గదిలోనికి పోగలదు. క్రొత్త ఇల్లు కట్టినవాడు, ఎవడైనను పడి చచ్చి ఆ ఇంటిమీదికి రక్తాపరాధము రాకుండునట్లు, మిద్దెకు పిట్టగోడ కట్టవలెనని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము ఆజ్ఞాపించుచున్నది. తుపాకికి పిట్టగోడ ఏది? తాళము, వేరుగా దాచిన తూటాలు, నిండియున్నదని యెంచి పట్టుకొను భయభక్తులు, గురియు గురి వెనుకనున్నదియు తెలియక వ్రేలు ట్రిగ్గరుమీద పెట్టని నియమము. పిట్టగోడ కట్టలేనివాడు మిద్దె వేయరాదు.

వారము తిరిగిన తరువాత ఆ యువకుడే మరల పిలిచెను. మేము అతనికి తీర్పు చెప్పలేదు, మూడు ప్రశ్నలు వేసితిమి.

"నాయనా, నీవు కొనునది వేటకా, అభ్యాసమునకా, భయమునకా?"

"భయానికే, అయ్యగారూ."

"దానిని వాడుట నేర్చుకొనుటకు నీకు తీరిక కలదా?"

"రాత్రి పని, పగలు నిద్ర. ఆదివారం ఒక్కటే ఖాళీ."

"తాళపు చెవి ఎక్కడ దాచెదవు?"

అతడు కొంతసేపు ఊరకుండెను. తరువాత మెల్లగా, "మా చిన్నవాడు ఇంట్లో ఏ తాళంచెవి దాచినా కనిపెడతాడు అయ్యగారూ" అనెను. మరికొంతసేపటికి ఇంకొక మాట కూడ చెప్పెను. "అమ్మకు చెప్పకండి. ఆ సంగతి జరిగినప్పటినుంచి నా మనసు ఏం బాగా లేదు."

అప్పుడు మాకు అసలు సంగతి తెలిసినది. అతడు అడిగినది రైఫిల్‌ను గూర్చి, అయితే అతని గాయము వేరు. నిద్రలేని మనిషి ఇంటికి తుపాకి తెచ్చుకొనుట ఎంత ప్రమాదమో పైన చెప్పిన లెక్కయే సాక్ష్యము. "ఇప్పుడు కొనవద్దు నాయనా. ముందు వైద్యునికి నీ నిద్ర సంగతి చెప్పుము. పగటి పని అడుగుము. తలుపులకు మంచి గడియలు వేయించుము. అక్కడి సంఘములో ఒక పెద్దకు ఇదంతయు విప్పి చెప్పుము" అని బ్రతిమాలితిమి. ఆరు నెలలు ఆగెదనని అతడు మాట ఇచ్చెను.

ఇది అందరికిని ఒకటే శాసనమని మేము చెప్పము. అడవి అంచున పశువులను కాచుకొనువాడు, తండ్రి నేర్పగా బాల్యమునుండి వేటాడినవాడు, తాళమును నియమమును పాటించువాడు వేరు. అట్టివారిని నిందించుటకు మాకు అధికారము లేదు. కాని భయము బజారుకు వెళ్లినప్పుడు వెల చౌకయా ప్రియమా యని మాత్రమే చూచును. ఎవరి ప్రాణమునకు ఇది అందుబాటులో నుండునో దానికి తోచదు. మన బిడ్డల భయమును మనము ముందుగా అడిగి తెలిసికొందము. "డబ్బు పంపితివా?" అని అడుగుటకు ముందు "నిద్ర పట్టుచున్నదా?" అని అడుగుడి.

ఆ తల్లికి మేము చెప్పినది ఒక్కటే: "అమ్మా, వాడు ఇప్పుడు కొనడు. ప్రతి రాత్రి వాని పని మొదలగువేళ, అనగా మనకు తెల్లవారు గడియలలో, పిలిచి మాటలాడుము." ఆమె ఆలాగే చేయుచున్నది. మీరును ఆ కుటుంబమును, దూరదేశమున రాత్రి పనిచేయు మన బిడ్డలందరిని మీ ప్రార్థనలలో జ్ఞాపకము చేసికొనుడి.