పగులునది ఎవరు?

గ్రుడ్లు పగులగొట్టనిదే ఆమ్లెట్టు కాదని పాశ్చాత్యుల సామెత. వంటయింటిలో అది నిజమే. అయితే 1933లో ఉక్రెయిను దేశమున లక్షలకొలది జనులు ఆకలిచే చచ్చుచుండగా, అమెరికా పత్రికా విలేఖరి వాల్టర్ డ్యురాంటీ సోవియట్ పాలకుల కాఠిన్యమును గూర్చి ఈ సామెతనే వ్రాసెను. మన తల్లులు ప్రతి గ్రుడ్డును వేరు గిన్నెలో కొట్టి, మంచిదో మురిగినదో చూచి గాని కలుపరు. గ్రుడ్డుపాటి జాగ్రత్త మనుష్యునికి అక్కరలేదా?

ప్రజలకై ఒకడు చచ్చుట మేలని కయప చెప్పెను. ఆ ఒకడు తాను మాత్రము కాడు. ప్రభువు ఎవరిని పగులగొట్టలేదు. రొట్టె విరిచి, అది తన శరీరమని చెప్పి, తన్ను తానే అప్పగించుకొనెను. మందిరము కట్టు తొందరలో బీద విధవరాలిని చందాకై పీడింపబోవునప్పుడు మనలను మనమే అడుగుకొందము: పగులునది నేనా, నా పొరుగువాడా?