అడుగు స్వరము – ఆరాధకుని వినయము

సంఘారాధనలో వాద్యము వాయించువానికి ఒక ధర్మసందేహము తప్పక కలుగును. తనకు వచ్చిన విద్యనంతయు చూపుట భక్తియా? కొంత అణచుకొనుట భక్తియా? నేను సర్కారు కార్యాలయమున గుమాస్తాగా జీవితము గడిపి, ఆదివారములందు మా బరంపురములోని తెలుగు ఆరాధనలో హార్మోనియము వాయించినవాడను. పండితుడను గాను. అనుభవము నేర్పిన నాలుగు మాటలే మనవి చేయుచున్నాను.

పాశ్చాత్య పద్ధతిలో షడ్జమము, గాంధారము, పంచమము కలిపి ఒక్కసారిగా పలికించినచో అదియొక కార్డు. సాధారణముగా షడ్జమము అడుగున నుండును. గాంధారమునో పంచమమునో అడుగునకు దింపినచో దానిని ఇన్వర్షను అందురు. కార్డు పేరు ప్రక్కన ఏటవాలు గీత గీచి, అడుగు స్వరమును వేరుగా సూచించినచో అది స్లాషు కార్డు. ఆ అడుగు స్వరము కార్డు లోనిదైనను కావచ్చును, వెలుపలిదైనను కావచ్చును. ఇన్వర్షనులో స్వరములు అవే, మూలమదే. నిలుచు పాదము మాత్రమే మారును. ఫ్రెంచి శాస్త్రకారుడు రామో 1722లో ప్రకటించిన తన గ్రంథమున ఈ విషయమును విశదపరచెను.

మూలస్వరము అడుగున నున్నచో పాట స్థిరముగా కూర్చుండును. గాంధారము అడుగున నున్నచో నడచును. పంచమము అడుగున నున్నచో ఇంకేదో రావలెనని ఎదురుచూచుచుండును. ఈ సంగతి క్రొత్తగా తెలిసిన యౌవనమున నేనొక ఆదివారము ప్రతి పాదమునకును అడుగు స్వరము మార్చితిని. చరణములను సైతము పంచమము మీదనే విడిచితిని. చరణము ముగిసినదో లేదో జనులకు తెలియలేదు. గొంతులు ఒకటొకటిగా తగ్గిపోయినవి. నేను మాత్రము పొంగిపోయితిని. ఆరాధన ముగిసిన పిదప ఒక ముసలమ్మ దగ్గరకు వచ్చి, “నాయనా, ఇవాళ నీ పెట్టె పాడింది, మేము విన్నాము” అని వెళ్లిపోయెను. ఆమె కోపపడలేదు. అందుచేతనే ఆ మాట నేటికిని మరువలేదు.

సిగ్గుపడి కొన్ని వారములు మూలస్వరములే నొక్కితిని. అప్పుడు పాట ఇటుకలు పేర్చినట్లు బరువెక్కినది. అనగా దోషము విద్యలో లేదు. విద్యను ఎవరి కొరకు వాడితిననుటలో నున్నది.

మోహనరాగమును చూడుడు. అందు మధ్యమ నిషాదములు లేవు. మేజరు, మైనరు కార్డులలో ఆ రాగమునకు పూర్తిగా ఒదుగునవి రెండే: స గ ప, ద స గ. అట్టి మరియొక కార్డు తెచ్చినచో పరస్వరము చొరబడును. అయినను ఈ రెంటిని తిప్పి వాయించినచో స, గ, ప, ద అను నాలుగు స్వరములును అడుగున నడచును. స గ ప క్రింద రిషభమును దాటుమెట్టుగా ఉంచినచో అయిదవదియు చేరును. రాగము చెడదు, పాట నడచును. ఉన్నదానితోనే వైవిధ్యము సాధించుట ఇట్టిది.

“జనులకు తెలియదని కళాకారుడు తన్ను తాను కుదించుకొనవలెనా?” అని యువకులు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. కచేరీలో శ్రోతలు విద్వాంసుని కొరకు వత్తురు. ఆరాధనలో పాడువారు జనులే. గుమాస్తా ఎంత చక్కగా చిత్తు వ్రాసినను, సంతకము అధికారిదే గదా! ఇచట సంతకము సంఘమువారిది. కావున పాదము ఎత్తుకొనుచోట, ముగించుచోట మూలస్వరమును స్పష్టముగా ఇచ్చి, నడుమ అడుగు స్వరమును మెట్టు మెట్టుగా నడిపించుట ధర్మమని నా నమ్మకము.

ఇందు మన బ్రదుకునకును పోలిక కలదు. తెలుగు క్రైస్తవ కీర్తనకారులలో అగ్రగణ్యులగు పురుషోత్తమ చౌధరిగారు 1803లో పర్లాకిమిడి ప్రాంతమున జన్మించిరి. 1936లో ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనపుడు ఆ పట్టణము అందు చేరినది. అడుగునున్న రాష్ట్రము మారినను కీర్తన తెలుగుగానే నిలిచినది. మనమును అట్టివారమే. వీధిలో ఒక భాష, ఇంట ఒక భాష. అడుగు స్వరము వేరైనను మూలమును మరువనంతకాలము శ్రుతి తప్పదు.

నేడు మన పిల్లలు కీబోర్డు మీద ఈ విద్యలన్నియు ఎరిగియున్నారు. వారిని వారింపవలదు. ఆరాధన ముగిసిన పిదప ఒక్కమాట మాత్రము అడుగుదము: “బాబూ, ఈనాడు జనులు ఎక్కువగా పాడిరా, తక్కువగా పాడిరా?” సమాధానము వారికే తెలియును.