సెల్లు అయిపోయిన తాళంచెవి

కారుకు పూజ చేయించడానికి వచ్చినవాళ్ళు ముందుగా నా పళ్ళెంలో పెట్టేది తాళంచెవి. వెనకట ఇనుపది ఉండేది. పసుపు రాసి కుంకుమ పెడితే కళగా కనిపించేది. ఇప్పుడు నల్లటి ప్లాస్టిక్ బిళ్ళ ఇస్తున్నారు. తడి కుంకుమ దాని మీటల సందుల్లోకి పోతే తర్వాత నొక్కుడు పడదు. అందుకని బోర్లా తిప్పి, కంపెనీ గుర్తు పక్కన ఉంగరం వేలితో చిన్న చుక్క పెడతాను. సిద్దిపేట చుట్టుపక్కల కారు కొన్నవాళ్ళలో కొందరు నేరుగా కొమురవెల్లి మల్లన్న దగ్గరికి పోయి బండారి పెట్టించుకుంటారు. కొందరు ఊళ్ళోనే వెంకటేశ్వరస్వామి ముందర నిమ్మకాయలు తొక్కిస్తారు. వైష్ణవాలయ అర్చకుణ్ణి గనుక నాకు రెండో రకంవాళ్ళే ఎక్కువ.

ఒక శనివారం దుబ్బాక వైపు నుంచి ఒక కుటుంబం సెకండ్ హ్యాండ్ కారుతో వచ్చింది. పూజ అయింది, కొబ్బరికాయ కొట్టారు, కారుకు తాళం వేసి ప్రదక్షిణకు పోయారు. తిరిగి వచ్చేసరికి తలుపు రాలేదు. మీట ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. ఆ ఇంటి పెద్దమ్మ నా వైపు తిరిగి, "అయ్యగారూ, గిదేంది, ఇప్పుడే పూజ జేస్తిమి, అప్పుడే తలుపు తీస్తలేదు. ఏమన్న అపశకునమా?" అన్నది. కాదమ్మా అన్నాను. ఆ కారును మొదట కొన్నవాళ్ళ కాలం నుంచి అదే సెల్లు ఉంటుంది. రెండు మూడేళ్ళకు అయిపోయే వస్తువు అయిపోయింది. దానికి శకునం ఎందుకు?

వాళ్ళతో వచ్చిన పిల్లవాడు పాలిటెక్నిక్ చదువుతున్నాడట. ఆ బిళ్ళ పక్కనున్న చిన్న గొళ్ళెం జరిపితే లోపలి నుంచి సన్నటి ఇనుప తాళంచెవి బయటికొచ్చింది. దాంతో తలుపు తీశాడు. తీయగానే కారు దొంగలు పడ్డట్టు అరిచింది, లోపల సేవాకాలంలో ఉన్నవాళ్ళు కూడా తొంగి చూశారు. వాడు కంగారుపడలేదు. సీట్లో కూర్చుని క్లచ్ తొక్కి, ఆ చచ్చిన బిళ్ళనే స్టార్ట్ మీటకు ఆనించి నొక్కాడు. అరుపు ఆగింది. ఇంజను లేచింది.

తలుపు తెరుచుకోవడంలో నాకు వింత కనబడలేదు, ఇనుముకు ఇనుము సరిపోయింది. ఇంజను సంగతే పట్టుకుంది నన్ను. సెల్లు లేనిది కారుతో ఎట్లా మాట్లాడింది?

పిల్లవాడు ఓపికగా చెప్పాడు. ఆ బిళ్ళలో ఉండేది సీఆర్ 2032 అనే సెల్లు. 20 మిల్లీమీటర్ల అడ్డం, 3.2 మిల్లీమీటర్ల మందం, 3 వోల్టులు. (రూపాయి బిళ్ళలాగా మెరుస్తుంది, పిల్లలు మింగితే గొంతులో రెండు గంటల్లో పుండు పడుతుంది. తీసినది ఎక్కడపడితే అక్కడ పడేయకండి.) మనం కారు దగ్గరికి పోతే కారు పిలుస్తుంది, బిళ్ళ తన సెల్లు బలంతో పలుకుతుంది. సెల్లు పోతే ఆ పలుకు పోతుంది. కానీ అదే బిళ్ళలో, సెల్లుతో సంబంధం లేకుండా, ఒక చిన్న చిప్పు, దానికో తీగచుట్ట ఉంటాయి. స్టార్ట్ మీట చుట్టూ కూడా తీగచుట్ట ఉంటుంది. దానికి ఆనిస్తే కారు నుంచే కరెంటు ఆ చిప్పుకు అందుతుంది. కారు అడుగుతుంది, చిప్పు తనలో దాగిన రహస్య సంఖ్యను బట్టి జవాబిస్తుంది, అది సరిపోతే ఇంజనుకు వేసిన కట్టు విడిపోతుంది. కొన్ని కార్లలో ఆనించే చోటు వేరే ఉంటుందట, కారుతో ఇచ్చిన పుస్తకంలో రాస్తారట. తీగ తగలకుండానే తీగలోకి కరెంటు తెప్పించవచ్చని 1831లో కనిపెట్టినవాడు ఫారడే. ఆయన కూడా చిన్న క్రైస్తవ శాఖ ఒకదానిలో గట్టి భక్తుడని చదివాను.

అంటే అడిగేదీ కారే, జవాబు చెప్పే బలమిచ్చేదీ కారే.

ఈ మాట విన్నప్పటి నుంచి నాకు గజేంద్రుడు గుర్తొస్తున్నాడు. ఆ కథను తెలుగులో చెప్పిన పోతన మాకు దూరపువాడు కాదు, బమ్మెర పక్క జిల్లా జనగామలోనే ఉంది. ఏనుగు వెయ్యేళ్ళు మొసలితో పెనుగులాడింది, బలం ఉడిగింది, అప్పుడు మొరపెట్టింది. బలగర్వం పోతేనే దేవుడు వస్తాడని మనం దీన్ని చెప్పుకుంటాం. అందులో ఇంకో ముక్క ఉంది, దాన్ని దాటేస్తాం. ఆ ఏనుగు పూర్వజన్మలో ఇంద్రద్యుమ్నుడనే రాజు, అగస్త్యుడి శాపంతో ఏనుగైంది. మడుగులో అది చేసిన స్తుతి ఆ జన్మలో నేర్చుకున్నదే అని భాగవతం చెబుతుంది. రాజ్యం పోయింది, మనిషి రూపం పోయింది, చివరికి ఏనుగు బలం కూడా పోయింది. నేర్చుకున్నది మాత్రం లోపల ఉంది.

శరణాగతి విషయంలో మా వైష్ణవుల్లో ఎప్పటి నుంచో వాదం ఉంది. కోతిపిల్ల తల్లిని తానే పట్టుకున్నట్టు జీవుడు కొంత ప్రయత్నం చేయాలని వడగలై వారు, పిల్లికూనను తల్లే నోట కరుచుకుపోయినట్టు భారమంతా స్వామిదేనని తెంగలై వారు. ఆ రోజు కారు దగ్గర నేను చూసింది ఈ రెంటిలోనూ లేదు. బిళ్ళ తనంతట తాను పోయి మీటను పట్టుకోలేదు. కారు వచ్చి బిళ్ళను ఎత్తుకోలేదు. మధ్యలో ఒక చెయ్యి ఉంది. సెల్లు ఉన్నప్పుడు జేబులో ఉన్నా చాలు, లేనప్పుడు ఆ చెయ్యి దగ్గరకంటా తీసుకుపోవాలి. జీవుణ్ణి స్వామి ముందుకు తెచ్చి సిఫార్సు చేసేది అమ్మవారని మా పెద్దలు చెప్పారు, పురుషకారం అన్నారు. రెండు కలైల వారూ ఒప్పుకునే మాట అది. వాదంలో పడి మనం దాన్ని వెనక్కి నెట్టేశాం. అయితే కారుకు తన తాళంచెవి ఒక్కటే తెలుసు, మరొకరిది ఆనిస్తే కదలదు. స్వామికి అట్లాంటి లెక్క ఉందని నేను ఒప్పుకోను. పోలిక అక్కడిదాకానే.

నాకు ఇది శాస్త్రచర్చగా మిగల్లేదు. ఏళ్ళ తరబడి ప్రతి శనివారం తులసి దండ కట్టి తెచ్చిన ఒక ముసలమ్మకు మరుపు జబ్బు వచ్చింది. కొడుకులనే గుర్తుపట్టదు. గుడికి తేవడం మానేశారు. ఎందుకని అడిగితే, "తీస్కవస్తే ఆమెకేం తెలుస్తది సామీ?" అన్నాడు పెద్దకొడుకు. గట్టిగా చెబితే ఒకసారి ఆటోలో తెచ్చాడు. గర్భగుడి ముందర కూర్చోబెట్టాం. స్వామిని చూసిందో లేదో నేను చెప్పలేను, చూపు ఎటో ఉంది. తీర్థం ఉద్ధరిణె దగ్గరికి తెచ్చేసరికి కొంగు మడత అరచేతి కింద చేరింది, ఎడమ చెయ్యి మీదికి కుడి చెయ్యి వచ్చింది, వేళ్ళు వంగి గుంట పడింది. శఠారి ఎత్తగానే తల వంచింది. ఎవరూ చెప్పలేదు. కొడుకు పక్కకు తిరిగి నిలబడ్డాడు.

ఆమెకేం తెలుస్తుంది అనేది తప్పు ప్రశ్న అని నా తీర్పు. ఆమెకు తెలియడం మీద ఆధారపడే దేవుడైతే ఆ దేవుడితో మనకు పనిలేదు. దగ్గరికి తేవడం ఒక్కటే మన వంతు, ఆ వంతు మనం ఎగ్గొడుతున్నాం.

శనివారం పొద్దున గుడిలో తొక్కిడి ఎక్కువ. మంచాన పడ్డవాళ్ళు, మరుపు వచ్చినవాళ్ళు ఇంట్లో ఉంటే బుధ, గురువారాల్లో సాయంత్రం దీపాలవేళకు తీసుకురండి. బండిని ధ్వజస్తంభం దాకా రానిస్తాం. దిగలేకపోతే తీర్థం, శఠారి నేనే బండి దగ్గరికి తెస్తాను.