బేరానికి అందని కష్టానికే బక్షీస్

మహారాష్ట్ర అంచునున్న సిరోంచలో ఇల్లు ఖాళీ చేస్తే సామాను పోయేది గడ్చిరోలి వైపు సుమారు 200 కిలోమీటర్లు, లేదా నది మీది వంతెన దాటి కాళేశ్వరం మీదుగా తెలంగాణలోకి. మహారాష్ట్ర 2005లో చేసిన బదిలీల చట్టం ప్రభుత్వ ఉద్యోగుల సాధారణ బదిలీలకు ఏప్రిల్, మే నెలలను పెట్టింది. కాబట్టి ఉద్యోగుల బీరువాలు, టేకు మంచాలు హమాలీల భుజాలకెక్కేది ఎండలు 45 డిగ్రీలను తాకే రోజుల్లోనే. లారీ కిరాయి, హమాలీ ముందే మాట్లాడుకుంటారు. రేటు తగ్గించమని అడుగుతూ చివర్న కలిపే మాట ఒకటుంది: "పైన ఏదో చూసి ఇస్తాంలే." బక్షీస్ ఇవ్వాలా, ఎంత ఇవ్వాలి అన్న విచారణ ఈ మాట దగ్గరే మొదలవ్వాలి. బక్షీస్ ఇవ్వడం మంచిదే. దాన్ని ఎరగా చూపి కూలి కోయడమే తప్పు. ముందుగా లెక్కకు వచ్చే కష్టమంతా రేటులోనే ఉండాలి. లెక్కకు అందనిదానికే బక్షీస్.

లెక్కకు వచ్చేవాటిలో మోసేవాడి నడుము కూడా ఉంది. మహారాష్ట్ర 1969లో తెచ్చిన మాథాడి, హమాలీ కార్మికుల చట్టం పట్టుకున్న విషయం ఇదే. ఆ చట్టం వర్తించే చోట సరుకు మోయించుకునే వ్యాపారి కూలితోపాటు దానిమీద కొంత శాతం లెవీని ఆ చట్టం కింద ఏర్పడిన బోర్డుకు కట్టాలి. ప్రావిడెంట్ ఫండ్, సెలవు జీతం లాంటివి అందులోంచే. ముసలితనం, గాయం ముందే తెలిసిన ఖర్చులు, అవి ఎవరి దయ మీదా ఆధారపడకూడదన్నది దాని సారం. ఇల్లు మారే ఉద్యోగి మాత్రం ఏ బోర్డుకూ లెవీ కట్టడు. నది దాటితే ఆ మహారాష్ట్ర చట్టమే వర్తించదు. అందుకే అంతస్తులు, ఇరుకు మెట్లు, బరువైన వస్తువులు దాచకుండా చెప్పి రేటు కుదుర్చుకునే బాధ్యత ఇంటివాళ్లదే. చెప్పినదానికన్నా ఒక గది సామాను ఎక్కువుంటే, దానికిచ్చేది బక్షీస్ కాదు, బాకీ.

ఒప్పుకున్నది ఇచ్చాక ఇంకా ఎందుకంటారు కొందరు. రేటు వస్తువుల పేర్లు విని కుదురుతుంది. మెట్ల మలుపులో బీరువాను నిలబెట్టి, అద్దం చిట్లకుండా, గోడ గీరుకోకుండా తిప్పిన ఓర్పుకు అందులో పద్దు లేదు. అలవాటు చేస్తే మామూలుగా మారి, రేపు దబాయించి అడుగుతారన్నది రెండో అభ్యంతరం. ఆ భయం ఉత్తదేం కాదు: పని చేయకుండా చూస్తూ నిలబడ్డందుకే వసూలు చేసే నోక్కుకూలిని కేరళ ప్రభుత్వం 2018 మే 1 నుంచి నిషేధించాల్సి వచ్చింది. అయితే అది పనికి ముందు పెట్టే షరతు; బక్షీస్ పని చూశాక ఇచ్చే మెప్పు. అసలు ప్రమాదం మరో వైపు నుంచి ఉంది. అమెరికాలో టిప్పులు వస్తాయన్న లెక్కతో, అలాంటి పనివాళ్లకు యజమాని ఇవ్వాల్సిన సమాఖ్య కనీస వేతనం 1991 నుంచి గంటకు 2.13 డాలర్ల దగ్గరే ఆగిపోయింది. అక్కడ చట్టం చేసిన పనినే ఇక్కడ మన "చూసి ఇస్తాంలే" చేస్తుంది.

ఇక ఎంత? హమాలీ మొత్తంలో పదో వంతు సబబని నాకనిపిస్తుంది. లారీ కిరాయి మీద లెక్కేయకూడదు. అది డీజిలుకూ దూరానికీ కట్టేది. కాళేశ్వరం పోయినా గడ్చిరోలి పోయినా మోసేవాడికి మంచం బరువు ఒకటే. మేస్త్రీ చేతికి కాకుండా మనిషి మనిషికీ సమానంగా ఇవ్వాలి. ఊరు చేరాక కలిగిన నిశ్చింతలో దింపినవాళ్లకే ఇచ్చి, సిరోంచలో ఎక్కించినవాళ్లను మరిచిపోవడం మామూలే. సగం ఎక్కించిన చోటే ఇచ్చేస్తే ఆ అన్యాయం ఉండదు. చేతిలో డబ్బు లేనివాళ్లు న్యాయమైన రేటు కట్టి, బక్షీస్ ఇవ్వకపోయినా తప్పు లేదు. బేరంలో వెయ్యి కోసి చివర్లో వంద చేతిలో పెట్టినవాళ్లు మాత్రం ఇచ్చిందేమీ లేదు. తీసుకున్నదాంట్లో పదో వంతు తిరిగిచ్చారు, అంతే.