ప్రయోగము – ఉపసంహారము

ఆయుధమును సంపాదించుట వేఱు, ఆయుధవిద్యను సంపాదించుట వేఱు. మొదటిదానికి ధనము చాలును. రెండవదానికి శిక్షణము కావలయును. ఈ భేదమును మన పూర్వు లెఱుగుదురు. అస్త్రవిద్యకు వారు రెండంగములను చెప్పిరి: ప్రయోగము, ఉపసంహారము. అస్త్రమును విడుచుట తెలిసినవాడు దానిని మరలించుటయు నెఱిగియుండవలెను. మొదటిది తెలిసి రెండవది తెలియనివాడు లోకమునకు అపాయకరుడు. అమెరికా సంయుక్తరాష్ట్రములయందు వ్యాపించియున్న యొక క్రీడను గూర్చి విచారించునపుడు ఈ పాతమాటయే మనకు గీటురాయి కాగలదు.

ఒలింపిక్ క్రీడలయందలి తుపాకి పందెము మనకు క్రొత్త గాదు. అందు క్రీడాకారుడు ఒక్కచోట నిలిచి దూరముననున్న వలయాకారపు గుఱిని కాల్చును. ఆ వలయమునకు మనుష్యరూపము లేదు. ఆ తుపాకిని ఎవ్వడును వీథిలో వెంటబెట్టుకొని తిరుగడు. ఇప్పుడు చెప్పబోవు క్రీడ యట్టిది గాదు. గృహస్థుడు చొక్కాక్రింద దాచుకొని అంగడికిని కార్యాలయమునకును పోవునపుడు వెంటనుంచుకొను పిస్తోలే యిందు సాధనము. గుఱిగా నిలిపిన అట్టకు తలయు మొండెమును గలవు. కఱ్ఱలతోను పీపాలతోను గోడలను, తలుపులను, అంగడిబల్లలను కల్పింతురు. దుకాణమున సరకు కొనుచుండగా ఇద్దరు దొంగలు ప్రవేశించిరని యొక కథ చెప్పుదురు. అంతట చేతియంత్ర మొకటి కీచుమని ధ్వనిచేయును. క్రీడాకారుడు పైవస్త్రమును తొలగించి, ఒఱనుండి పిస్తోలు తీసి, చాటున నిలిచి కాల్చును. నిజమైన మనుష్యుని చంపుటకు సిద్ధపడుటను ఇట్లు వినోదముగా జేసికొనవచ్చునా? ఈ వ్యాసమునకు ఇదియే ప్రశ్న.

ఈ క్రీడ 1950వ దశకమున కాలిఫోర్నియాలో మొలకెత్తినది. మెరైను దళమున అధికారిగా పనిచేసిన జెఫ్ కూపరును అతని మిత్రులును, కదలక నిలిచి నెమ్మదిగా గుఱిచూచు పద్ధతి ఆపత్సమయమున చాలదని తలచి, ఏ పద్ధతి మేలైనదో పోటీలవలననే తేల్చుకొనజొచ్చిరి. 1976లో మిస్సోరి రాష్ట్రమందలి కొలంబియా నగరమున అంతర్జాతీయ సమాఖ్య యొకటి యేర్పడెను. కూపరే దానికి ప్రథమాధ్యక్షుడు. గుఱి, శక్తి, వేగము అను మూడింటిని లాటినుభాషలో ఆ సమాఖ్య తన ధ్యేయవాక్యముగా నుంచుకొనెను. కాని పోటీ పెరిగినకొలది సాధనములు మాఱినవి. నిత్యమును వెంటబెట్టుకొనుటకు వీలుకాని పందెపు పిస్తోళ్లు వచ్చినవి. దీనికి విసిగినవారు కొందఱు 1996లో అంతర్జాతీయ ఆత్మరక్షణ పిస్తోలు సంఘమును స్థాపించిరి. పరీక్ష నరునికే గాని యంత్రమునకు గాదనుట వారి సూత్రము. అందుచేతనే సామాన్యమైన పిస్తోలు, సామాన్యమైన ఒఱ, పైన కప్పు వస్త్రము వారి నియమములైనవి.

ఈ సంఘపు పోటీలలో కాలమే కొలమానము. అందఱికంటె తక్కువ కాలమున ముగించినవాడు గెలుచును. అయితే తొందరకు వెల కలదు. అట్టమీద ప్రధానస్థానమును తప్పిన ప్రతి గుణమునకు ఒక్కొక్క సెకను కాలమునకు చేరును. 2017కు ముందు ఇది అరసెకనుగా నుండెడిది. గుఱి తప్పుటకు వెల రెట్టింపైనందున వేగమునకంటె నిదానమునకు గౌరవము హెచ్చినది. దొంగల నడుమ నిరపరాధులను సూచించు అట్టలనుగూడ నిలుపుదురు. దొంగ యట్టమీద పిస్తోలుబొమ్మ యుండును. నిరపరాధి యట్టమీద వట్టి అఱచేతులు చిత్రింపబడియుండును. రెండింటి యాకార మొక్కటే; చేతులే భేదము. నిరపరాధికి తూటా తగిలెనా, అయిదు సెకనుల శిక్ష.

ఈ చేతులను చూచి కాల్చుమనుట గొప్ప నియమమని నేను తలంతును. ద్రోణుడు శిష్యులను పరీక్షించినపుడు అర్జునునకు పక్షిశిరస్సు తప్ప చెట్టుగాని, కొమ్మగాని, గురువుగాని కానరాలేదందురు. ఏకాగ్రతకు అంతకుమించిన దృష్టాంతము లేదని మనము పిల్లలకు బోధించుచున్నాము. కాని జనులు మసలు చోట ఆయుధము పట్టువానికి ఆ చూపు చాలదు. పక్షితోబాటు కొమ్మను, కొమ్మవెనుకనున్న వానిని, ఆ వెనుక ఇంటిలో నిద్రించు శిశువునుగూడ వాడు చూడవలెను. కూపరు బోధించిన నాలుగు నియమములలో కడపటిది ఇదియే: గుఱి యేదియో, దాని వెనుక నేమున్నదో నిశ్చయముగా తెలిసికొనవలెను. తక్కిన మూడును అంతే గట్టివి. ప్రతి తుపాకియు నిండియున్నదనియే యెంచవలెను. నాశనము చేయ నిష్టములేని వస్తువువైపు దాని మూతిని త్రిప్పరాదు. గుఱి కుదురువఱకు వ్రేలిని మీటపై నుంచరాదు. పోటీలలో ఈ నియమములు నోటిమాటలుగా నిలిచిపోవు. చేతినుండి పిస్తోలు జాఱినను, దాని మూతి నిషిద్ధదిశకు తిరిగినను, ఎంతటివానినైనను ఆనాటి పోటీనుండి వెలివేయుదురు. ఘట్టము ముగియగానే పర్యవేక్షకుని యెదుట తూటాలు తీసివేసి, తుపాకి శూన్యమని చూపి, పిదపనే ఒఱలో నుంచవలెను. ఆయుధమునకు సంబంధించినంతవఱకు ఇదియు నొక ఉపసంహారమే.

కొందఱు ధార్మికులు ఈ క్రీడను వినినంతనే చెవులు మూసికొందురు. మనుష్యరూపమును కాల్చుటకలవాటుపడిన చేయి మనుష్యునిగూడ కాల్చునని వారి వాదము. ఇది త్రోసివేయదగినది గాదు. కాని పూర్ణసత్యమును గాదు. మన గ్రామములందు కఱ్ఱసాము నేర్చినవారందఱును తలలు పగులగొట్టువారు కాలేదు. గురువునొద్ద సాము నేర్చినవాడే తఱుచుగా కలహమునుండి తొలగిపోయెడివాడు. మఱియు నిరాయుధత్వమే ధర్మమని చెప్పుటకు మనకు చరిత్ర యడ్డువచ్చును. 1878 నాటి ఆయుధశాసనమును మన జాతీయనాయకులు అవమానముగా నెంచిరి. పిఱికితనమునకును హింసకును నడుమ మాత్రమే ఎన్నుకొనవలసివచ్చినచో హింసనే యెన్నుకొనుమందునని 1920లో వ్రాసినవాడు అహింసావ్రతుడైన గాంధిమహాత్ముడే. ఆత్మరక్షణము పాపము గాదు. తన్నాశ్రయించిన బిడ్డను రక్షింపలేని శాంతివచనమునకు విలువయు లేదు.

అట్లయిన ఈ క్రీడయందు లోపమెక్కడ? లోపము ఆ కీచుధ్వనియందున్నది. ఆ ధ్వని వినబడుసరికే ధర్మనిర్ణయము ముగిసియుండును. ఎవడు దొంగ, ఎవడు నిరపరాధి, కాల్చుట న్యాయమా యనునవన్నియు కథకుడు ముందుగనే నిశ్చయించియుంచును. ఆటగానికి మిగిలినది ఎట్లు కాల్చవలెననుట యొక్కటే. కాల్చవలెనా, మానవలెనా యన్న ప్రశ్న వాని నెన్నడును వేధింపదు. వెనుకద్వారమున వెడలిపోయినవానికిగాని, జేబులోని సొమ్ము నిచ్చివేసి ప్రాణములు నిలుపుకొన్నవానికిగాని, కోపించినవానిని మంచిమాటతో చల్లార్చినవానికిగాని ఈ పోటీలలో బహుమానము లేదు. నిజమైన వీథిలో కీచుధ్వని లేదు, కథకుడును లేడు. చీకటిలో సెల్‌ఫోను పట్టిన చేయి పిస్తోలు పట్టినట్లు కనబడును. త్రాగి తూలుచు వచ్చి తప్పుతలుపు తట్టినవాడు దొంగవలె కనబడును. ఆ క్షణమున కావలసిన గుణమును కాలమాపకముతో కొలువజాలము.

మఱియొకటి గలదు. ఈ క్రీడయందలి శత్రు వెల్లపుడును వెలుపలినుండి వచ్చును. లెక్కలు మఱియొక కథ చెప్పుచున్నవి. 2021లో అమెరికాలో తుపాకివలన మరణించినవారు 48,830 మంది. అందు 26,328 మంది ఆత్మహత్య చేసికొన్నవారు. సగముకంటె హెచ్చైన మరణములలో కాల్చినవాడును చచ్చినవాడును ఒక్కడే. పరీక్ష తప్పిన కుఱ్ఱవాడు, ఉద్యోగము పోయిన తండ్రి, మనోవ్యాధితో కృశించు ఇల్లాలు – వీరిని సూచించు అట్టను ఏ పోటీలోను ఎవ్వరును నిలుపలేదు. దొంగకై కొన్న పిస్తోలు ఇంటివారి దుఃఖమునకు అందుబాటులో నుండును. దానికి గట్టి తాళము వేయుటయు, ఇంటిలో నొకరి మనస్సు చెదరినపుడు దానిని ఇల్లుదాటించుటయు, వేగముగా ఒఱనుండి తీయుటకంటె గొప్పవిద్యలు. ఈ విద్యలకు పతకములు లేవు.

క్రీడాభిమానులు దీనికిచ్చు సమాధానము నిజాయితీ గలదే. "మేము ధర్మశాస్త్రమును బోధింపము, చేతికి శిక్షణ మిత్తుము. శిక్షణ లేనివాడు ఆయుధము ధరించుటకంటె ఉన్నవాడు ధరించుట మేలు గాదా?" అందురు. ఆ దేశపు స్థితినిబట్టి ఈ మాటకు బలము గలదు. 2021నుండి టెక్సాసు రాష్ట్రమున నిషేధములకు లోబడని పెద్దలు లైసెన్సుగాని, శిక్షణముగాని లేకయే పిస్తోలు ధరింపవచ్చును. ఇంటివెలుపల ఆయుధము ధరించుట రాజ్యాంగమిచ్చిన హక్కని 2022లో ఆ దేశపు అత్యున్నతన్యాయస్థానము తీర్పుచెప్పెను. తప్పించుకొనుటకు వీలున్నచో తప్పించుకొనవలెనను పాత బాధ్యతను 2005లోనే ఫ్లారిడా రాష్ట్రము తొలగించెను. శాసనము విరమించుకొన్న చోట నియమమును బోధించునది ఈ క్రీడాసంఘమే యగుచున్నది. కావున దానిని నిందించుటకంటె దాని బాధ్యత పెరిగినదని చెప్పుట న్యాయము. రక్షకభటుల శిక్షణమందు తెరపై చిత్రములను చూపి పరీక్షించు పద్ధతి యొకటి గలదు; అందు కొన్ని ఘట్టములకు కాల్చకుండుటయే సరియైన సమాధానము. పోటీలలోను అట్టి ఘట్టము నొకదానిని నిలుపవచ్చును. ఏది యట్టి ఘట్టమో ముందుగా తెలుపక, అందు పిస్తోలు తీసినవానికి శూన్యమును, తలుపు మూసికొని సహాయమునకై పిలిచినవానికి పూర్ణఫలమును ఈయవచ్చును. వేగమునందు మొదటివాడు ఒక్కొక్కపుడు అచ్చట కడపటివాడగును. ఆ పాఠము వానికి బహుమానముకంటె మిన్న.

ఈ విచారము తెలుగు గృహములకు దూరపుమాట గాదు. డల్లాసు, హ్యూస్టను నగరప్రాంతములందు మనవారు స్థిరనివాసము లేర్పఱచుకొని పిల్లలను పెంచుచున్నారు. ఉద్యోగవీసాలపై తాత్కాలికముగా నున్నవారికి తుపాకి కలిగియుండుటను ఆ దేశపు సమాఖ్యశాసనము, కొన్ని మినహాయింపులతో, నిషేధించుచున్నది. శాశ్వతనివాసులకును పౌరులకును ఆ యడ్డు లేదు. పొరుగింట దొంగతనము జరిగెనన్న వార్త వినినపుడు ఆ యింటి దంపతులు, మనమును ఒకటి కొందమా యని యోచింతురు. ఇచ్చటి తల్లిదండ్రులు ఫోనులో ఆ మాట విని భయపడుదురు, లేదా ధైర్యము చెప్పుదురు. వారికి నేను చెప్పదలచినది ఇది. కొనుటకు ముందు, గుఱి నేర్తునా యని మాత్రమే తన్ను తాను ప్రశ్నించుకొన్న చాలదు. కోపము వచ్చిననాడు ఆ తాళపుచెవి యెచ్చటనుండును? దుఃఖము వచ్చిననాడు ఎవ్వరి చేతిలోనుండును? పదునాఱేండ్ల బిడ్డకు అది దాచిన తావు తెలియునా? ఈ ప్రశ్నలకు భార్యాభర్తలిరువురును కలిసి సమాధానము చెప్పుకొనలేని యింటిలో ఆయుధము రక్షకుడు గాదు.

సౌప్తికపర్వమున అశ్వత్థామ బ్రహ్మశిరోనామకాస్త్రమును విడిచెను. దానిని శమింపజేయ అర్జునుడును విడిచెను. వ్యాసనారదులు నడుమ నిలిచి మరలింపుడనిరి. అర్జునుడు మరలించెను. అశ్వత్థామకు మరలించుట చేతగాలేదు; ఆ యస్త్రము పోయి ఉత్తరగర్భమునందలి శిశువుమీద బడెను. ఇరువురును ఒక్క గురువునొద్ద చదివినవారే. వేగమునందుగాని, గుఱియందుగాని అశ్వత్థామ అల్పుడు గాడు. అతనికి లోపించినది ఆత్మనిగ్రహము. ఆ లోపమునకు ఫలము ననుభవించినది యుద్ధభూమిలోని శత్రువు గాదు, ఇంకను లోకమునే చూడని పసికందు. పిస్తోలు పందెములను నడుపువారును, వానిలో పాల్గొనువారును, పిస్తోలు కొనదలచిన గృహస్థులును ఈ కథను తమకు చెప్పినదిగానే యెంచుకొందురుగాక. ప్రయోగమును నేర్పు బడులు లోకమున చాలినన్ని యున్నవి. ఉపసంహారమును నేర్పు బడి మొదట ఇంటిలోనే వెలయవలెను.